అడవిలోని పైన్ కాయకు పురుగుమందు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం అనుబంధంలో పైన్ అడవుల మీద మీరు వేసిన వ్యాసం, దానితోపాటు సగం పేజీ మేర అచ్చయిన రంగుల ఫొటో చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. పత్రికల్లో అడవి అంటే పులులకూ ఏనుగులకూ దొరికే చోటు పురుగులకు దొరకదు. అలాంటిది పైన్ కాయ లోపల పెరిగే ఒక చిన్న రెక్కల పురుగు గురించి మీరు అంత చోటు ఇవ్వడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. కానీ వ్యాసం చివరికి వచ్చేసరికి ఆ సంతోషం నిలవలేదు. ఈ పురుగు అడవులను నాశనం చేస్తోందనీ, దాన్ని అరికట్టడానికి అడవుల మీద మందు చల్లించాలనీ అందులో రాశారు. ఆ సలహాను ఎవరైనా నిజంగా పాటిస్తే పోయేది పురుగు ఒక్కటే కాదు. అందుకే ఈ విషయంలో నాకు తెలిసింది చెప్పాలనుకుంటున్నాను.

నా ఉద్యోగ జీవితమంతా అటవీ విత్తనాల ప్రయోగశాలలోనే గడిచింది. పైన్, స్ప్రూస్, ఫర్ చెట్ల కాయలు గోనె సంచుల్లో మా బల్లల మీదికి వచ్చేవి. వాటిని నిలువునా కోసి, లోపల గట్టి గింజలెన్ని, తాలు గింజలెన్ని, పురుగు తిన్నవెన్ని అని చూసి పట్టికలో రాయడం నా పని. పైన్ బంక ఒకసారి వేళ్లకు అంటుకుంటే సబ్బుకు వదలదు, నూనె రాసి తుడుచుకోవాలి. ఆ బల్ల దగ్గర నేను చూసిన వాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఆరోగ్యంగా ఉన్న కాయలు కావు, పురుగు పట్టినవే. లోపల ఏం జరిగిందో చదువుకోవడానికి అందులోనే ఎక్కువ ఉంటుంది.

ముందు మీ ఫొటో సంగతి. కాయ ఇంకా పచ్చగానే ఉంది, పొలుసులు విచ్చుకోలేదు. ఒక పక్కన ఎర్రమట్టి రంగు పొడి ముద్దగా అంటుకుని ఉంది. దాని కిందుగా బంక కారి, పాలరంగులో గడ్డకట్టింది. ఫొటో కింద దీన్ని తెగులు అని రాశారు. అది తెగులు కాదు. ఆ పొడి లోపల ఉన్న లార్వా విసర్జించిన మలం, అది కొరికి బయటికి తోసిన పొలుసుల తుక్కు. భూతద్దంతో చూస్తే రవ్వల మధ్య సన్నని పట్టు పోగులు కనిపిస్తాయి. ఆ పోగులే దాన్ని రాలిపోకుండా పట్టి ఉంచుతాయి. కాయ మీద ఇంత తుక్కు పేరుకుని, పక్కనే బంక కారి ఉంటే అది చాలావరకు డయోరిక్ట్రియా జాతి పురుగు పనే.

ఈ జాతిలో డెబ్బై పైచిలుకు రకాలున్నాయి. ఉత్తరార్ధ గోళంలో పైన్, స్ప్రూస్, ఫర్ చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో దాదాపు అక్కడల్లా వీటిలో ఏదో ఒక రకం ఉంటుంది. అన్నీ కాయల్లోనే బతకవు. కొన్ని బెరడు కింద, కొన్ని లేత కొమ్మల్లో పెరుగుతాయి. కాయల్లో పెరిగే వాటిలో బాగా తెలిసినది డయోరిక్ట్రియా అబీటెల్లా. దీన్ని డెనిస్, షిఫర్‌మ్యూలర్ అనే ఇద్దరు 1775లో, వియన్నా పరిసరాల రెక్కల పురుగులకు జాబితా కూర్చినప్పుడు మొదటిసారి నమోదు చేశారు. ఐరోపా నుంచి ఆసియా దాకా ఇది విస్తరించి ఉంది. ఉత్తర అమెరికాలో దీనికి దగ్గరి చుట్టం అబీటివొరెల్లా, అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ తోటల్లో అమటెల్లా, జపాన్, కొరియా, చైనాల్లో ప్రయేరి. అందువల్ల మీ వ్యాసంలో రాసినట్టు ఇది ఈమధ్య ఎక్కడినుంచో వచ్చిపడిన పురుగు కాదు. పైన్ చెట్లతోపాటు తరతరాలుగా ఉన్నదే.

తల్లి పురుగు రెక్కలు చాచితే సుమారు 3 సెంటీమీటర్లు. ముందు రెక్కలు బూడిద రంగు. వాటి మీద అడ్డంగా రెండు తెల్లని వంకర గీతలు, ఆ గీతలకు నల్లని అంచులు, నడుమ ఒక చిన్న తెల్లని మచ్చ. రెక్కలు వెనక్కి మడిచి బెరడు మీద వాలితే మన కళ్లెదుటే ఉన్నా కనిపించదు. దీన్ని మామూలు మట్టి రంగు పురుగని రాయడం నాకు నచ్చలేదు. భూతద్దం కింద పెట్టి చూసినవాళ్లు ఆ మాట అనరు.

ఐరోపాలో ఈ తల్లి పురుగులు వేసవిలో, చాలావరకు జూన్ నుంచి ఆగస్టు మధ్య, రాత్రిపూట ఎగురుతాయి. ఆడ పురుగు కాయల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన లార్వా పొలుసుల మధ్య నుంచి లోపలికి తొలుచుకుపోతుంది. ఆ తర్వాత వారాల తరబడి అది బయటి ప్రపంచానికి కనిపించదు.

లోపల ఏం చేస్తుందో చెప్పాలంటే కాయను కోయాల్సిందే. పదునైన కత్తితో కాడ నుంచి కొస దాకా నిలువునా చీలిస్తే మధ్యలో చెక్కలాంటి ఇరుసు, దాని చుట్టూ మెట్లు మెట్లుగా పొలుసులు, ఒక్కో పొలుసు మొదట్లో పక్కపక్కనే రెండు గింజలు కనిపిస్తాయి. పురుగు లేని కాయలో ఈ అమరిక ఎంతో పొందికగా ఉంటుంది. పురుగు ఉన్న కాయలో ఆ పొందికను అడ్డంగా చీలుస్తూ ఒక సొరంగం పోతుంది. అది గింజల వరస చూసుకుని పోదు. పొలుసు అడ్డొస్తే పొలుసును, ఇరుసు అడ్డొస్తే ఇరుసును, గింజ దొరికితే గింజను తింటూ పోతుంది. సొరంగం గోడలకు పట్టు అంటి ఉంటుంది, వెనక భాగమంతా మలంతో నిండి ఉంటుంది. చివర, తాజాగా కొరికిన చోట, లార్వా. పూర్తిగా పెరిగితే రెండు సెంటీమీటర్లకు కాస్త పైన, ఎరుపు కలిసిన గోధుమ రంగు, కొన్నింటిలో పచ్చదనం కూడా, నున్నని గోధుమ రంగు తల. వెలుతురు తగలగానే అది వెనక్కి, సొరంగం చీకటిలోకి జరుగుతుంది. చాలా చురుకైన పురుగు. పక్కపక్కనే ఆనుకుని ఉన్న కాయలైతే ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి కూడా పోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ బంక గురించి ఆలోచించమని పాఠకులను కోరుతున్నాను. పైన్ చెట్టుకు గాయమైన చోట కారే బంక ఎన్నో పురుగులకు మరణశాసనం. అందులో చిక్కుకుని అవి ఊపిరాడక చస్తాయి. ఈ చిన్న లార్వా మాత్రం బంక ఊరే కణజాలం మధ్యలోనే దారి చేసుకుని, బంకనూ మలాన్నీ బయటికి నెడుతూ, తన చోటును మాత్రం శుభ్రంగా ఉంచుకుని బతుకుతుంది. మీ ఫొటోలో వికారంగా కనిపించినదంతా నిజానికి అది బతకడానికి చేసిన శ్రమ.

అన్ని కాయతొలుచు పురుగులూ ఇలాగే పనిచేయవు. సిడియా స్ట్రోబిలెల్లా అనే మరో చిన్న రెక్కల పురుగు ఉంది. రెక్కలు చాచితే సెంటీమీటరు, సెంటీమీటరున్నర. అది స్ప్రూస్ కాయల్లో పెరుగుతుంది. దాని లార్వా తెల్లగా ఉండి, ఇరుసుకు దగ్గరగా ఉన్న గింజలను ఒకదాని తర్వాత ఒకటిగా తినుకుంటూ పోతుంది. బయటికి తుక్కు తోయదు, కాయ మీద గుర్తే ఉండదు. చూడటానికి నవనవలాడే కాయను కోస్తే లోపల గింజల స్థానంలో గోధుమ రంగు పొడి ఉంటుంది. దాని సోదరి సిడియా కోనికొలానా ఐరోపా పైన్ కాయల్లో పెరుగుతుంది. కాయ పొలుసు మీద గుండ్రటి చిన్న రంధ్రం కనిపించినప్పుడు అది అందులోంచి ఎగిరిపోయిందని తెలుసుకోవచ్చు.

ఈ రెండు తరహాల పురుగులకు అసలైన తేడా చలికాలం గడిపే పద్ధతిలో ఉంది. అబీటెల్లా లార్వా శరదృతువులో కాయ విడిచి నేల మీదికి దిగి, రాలిన ఆకుల పొరలో పట్టు గూడు కట్టుకుని చలికాలమంతా అందులో గడుపుతుంది. వసంతంలో ప్యూపాగా మారి వేసవికి రెక్కలతో బయటికొస్తుంది. స్ట్రోబిలెల్లా అలా దిగదు. కాయ ఇరుసులోనే నిద్రపోతుంది. పైగా అన్నీ మరుసటి వసంతంలోనే లేవవు. కొన్ని ఇంకో ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం అలాగే ఉండిపోతాయి. ఈ ఆలస్యానికి కారణముంది. మీ వ్యాసం పూర్తిగా వదిలేసినది సరిగ్గా దాన్నే.

పైన్ చెట్టు కాయ కాయడానికి తొందరపడదు. ఒక వసంతంలో పుప్పొడి గాలికి వచ్చి లేత కాయలో పడుతుంది. పుప్పొడి నాళం కొద్దిగా పెరిగి ఆగిపోతుంది. ఫలదీకరణ జరిగేది దాదాపు ఏడాది తర్వాత. గింజ పండేది ఆ రెండో ఏడు శరదృతువులో. మధ్యధరా తీరంలోని గొడుగు ఆకారపు పైన్‌కైతే మూడేళ్లు పడుతుంది. అంటే ఒక కాయను పండించడం చెట్టుకు పెద్ద ఖర్చు. అంత ఖర్చు పెట్టి చాలా రకాల చెట్లు ఏటా సమానంగా కాయవు. కొన్నేళ్లపాటు అరకొరగా కాసి, ఒక ఏడాది అడవి అడవంతా ఒక్కసారిగా విరగకాస్తుంది. ఆ కాపు లేని ఏళ్లలో కాయల పురుగులకు తిండి కరువై వాటి సంఖ్య పడిపోతుంది. ఆ తర్వాత విరగకాసిన ఏడాది, మిగిలిన కొద్ది పురుగులు ఎంత తిన్నా తరగనన్ని గింజలు ఉంటాయి. ఆ ఏడాది రాలిన గింజల్లోంచే అడవి కొత్త మొక్కలను పొందుతుంది.

పురుగు కూడా ఊరుకోలేదు. కొన్ని లార్వాలు రెండో ఏడాదీ మూడో ఏడాదీ నిద్రలోనే ఉండిపోవడం ఈ కరువు ఏళ్లను దాటడానికే. ఒక తల్లి సంతానంలో కొన్ని ముందు లేస్తాయి, కొన్ని తర్వాత లేస్తాయి. ఏదో ఒకటి మంచి కాపు ఏడాదికి అందుతుంది. చెట్టుకూ పురుగుకూ మధ్య ఈ లెక్క ఎంత కాలంగా సాగుతోందో ఊహించండి. విత్తనాల పట్టికలు ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి చూస్తే కాపు తక్కువైన ఏడాది పురుగు తిన్న వంతు ఎక్కువగా, కాపు ఎక్కువైన ఏడాది ఆ వంతు తక్కువగా కనిపిస్తుంది. ఒక్క చెడ్డ ఏడాది చూసినవాళ్లు అడవి అయిపోయిందనుకుంటారు. అందువల్ల ఒక్క ఏడాది ఒక్క కొండవాలులో ఏరిన కాయలతో తీర్పు చెప్పకూడదు. మీ వ్యాసకర్త చెప్పింది కాపు తక్కువైన ఏడాది సంగతే అయి ఉండాలని నా అనుమానం. చెట్లకు కాయలు చాలా తక్కువ ఉన్నాయని ఆయనే ఒకచోట రాశారు.

ఇంకో మాట. కాయ పురుగు చెట్టును చంపదు. కాయ పోతే ఆ ఏటి గింజ పోతుంది, చెట్టు నిలబడే ఉంటుంది. బెరడు కింద తొలిచి చెట్లను నిలువునా ఎండగట్టే పెంకు పురుగుల సంగతి వేరు. వాటివల్ల కొండలకు కొండలు ఎర్రబారిన ఉదంతాలు ఉత్తర అమెరికాలో ఉన్నాయి. మీ వ్యాసంలో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టారు. చెట్టును చంపేదానికీ చెట్టు కాయలో కొంత తినేదానికీ తేడా తెలియకపోతే పాఠకుడు దేన్ని చూసి భయపడాలో తెలుసుకోలేడు.

అయితే నేను ఈ పురుగు ఎక్కడా నష్టం చేయదని అనడం లేదు. విత్తన తోటల వాళ్ల కష్టం నాకు బాగా తెలుసు. విత్తన తోట అడవి కాదు. నిటారుగా, బలంగా, తెగుళ్లను తట్టుకుంటూ పెరిగిన మేలైన చెట్లను అడవుల్లో వెతికి పట్టుకుని, వాటి కొమ్మలతో అంటు కట్టి, ఒకచోట వరసల్లో నాటి, అవి కాపుకొచ్చే దాకా ఏళ్ల తరబడి పెంచుతారు. అక్కడ పండే గింజలతోనే నర్సరీల్లో నారు పోసి విశాలమైన భూముల్లో నాటుతారు. స్వీడన్, ఫిన్లాండ్, కెనడా, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇలాంటి తోటలు ఉన్నాయి. ఐరోపా పైన్ గింజలు వెయ్యి కలిపినా సుమారు 6 గ్రాములే తూగుతాయి. ఆ కొద్ది గ్రాముల వెనక ఎంతమంది శ్రమ ఉందో తెలిసినవాళ్లకు ఒక్క కాయ పురుగు పాలైనా మనసు చివుక్కుమంటుంది. పైగా ఎరువులు వేసి ఏటా కాయించే తోటలో పురుగుకు కరువు ఏడాది అంటూ ఉండదు. అడవిలో దాన్ని అదుపులో ఉంచిన ఆ ఎగుడుదిగుడు కాపు ఇక్కడ ఉండదు కాబట్టి అది ఏటికేడు పెరుగుతుంది. అమెరికా దక్షిణాన అమటెల్లా లాంటి రకాలు ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ తరాలు కూడా పూర్తిచేస్తాయి. అక్కడ దాన్ని అదుపు చేయాల్సిందే. దానికి నేను అడ్డు చెప్పను.

కానీ తోటలో మందు కొట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. లార్వా ఒకసారి కాయలోకి దూరిందంటే పైపైన చల్లిన మందు దాన్ని తాకదు. గుడ్డు పగిలి లోపలికి దూరే లోపు ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే ఏదైనా చేయాలి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో చేసినవాటిలాంటి జీవసంబంధ మందులు పనిచేయాలంటే లార్వా వాటిని తినాలి. అది తినేది కాయ లోపలి భాగం. పైరెత్రాయిడ్ రకం మందులు పదేపదే చల్లిన పైన్ తోటల్లో మరో ఇబ్బంది వచ్చిపడింది. కొమ్మలకు చిన్న పొలుసుల్లా అంటుకుని రసం పీల్చే పొలుసు పురుగులు అనేవి ఉన్నాయి. వాటిని తినే మిత్ర పురుగులు ఆ మందులకు చచ్చిపోయి, అంతకుముందు ఎవరూ పట్టించుకోని పొలుసు పురుగులు కొమ్మలనిండా పేరుకుపోయాయి. గట్టి పర్యవేక్షణ ఉన్న తోటలోనే పరిస్థితి ఇదైతే, అడవి మీద విమానంతో చల్లితే ఏమవుతుంది? కాయల్లో పురుగు హాయిగా ఉంటుంది, బయట తిరిగే బదనికలూ (పురుగుల ఒంటి మీదో లోపలో గుడ్డు పెట్టి వాటిని చంపే కందిరీగలు) సాలీళ్లూ పోతాయి. ఆ పురుగు మీద ఆధారపడ్డ ప్రాణులకే ముందుగా విషం అందుతుంది.

బదనికల పేరెత్తాను కాబట్టి వాటి గురించి కొంచెం చెప్పాలి. కోసిన కాయల్లో కొన్నిసార్లు లార్వా ఉండాల్సిన చోట దాని తోలు మాత్రమే మిగిలి, పక్కన చిన్న గూడు కనిపిస్తుంది. ఆ గూడు ఇక్న్యూమన్, బ్రాకన్ కుటుంబాలకు చెందిన సన్నని కందిరీగది. ఆడ కందిరీగ పొడవాటి గొట్టంతో కాయ పొలుసుల మధ్య వెతికి, కంటికి కనిపించని లార్వాను పట్టుకుని దాని మీదో, లోపలో గుడ్డు పెడుతుంది. ఇంత గట్టి కాయ లోపల దాగిన పురుగును అది ఎలా కనిపెడుతుందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అడవిలో ఈ పని ఎవరూ చెప్పకుండానే జరుగుతోంది. మనం చల్లే మందు మొదట ఆపేది దాన్నే.

తోటల కోసం ఇంతకంటే మంచి దారి వెతుకుతున్నవాళ్లు ఉన్నారు. ఆడ రెక్కల పురుగు విడిచే వాసనను కృత్రిమంగా తయారుచేసి, లింగాకర్షక బుట్టల్లో పెట్టి మగ పురుగులను పట్టడం, ఎప్పుడు ఎగురుతున్నాయో ముందే తెలుసుకోవడం ఆ దారి. ఈ జాతి విషయంలో ఇది చాలాకాలం కుదరలేదు. రెక్కల పురుగుల్లో మామూలుగా కనిపించే అసిటేట్ రకం రసాయనాన్ని ఎరగా పెట్టినా మగ పురుగులు సరిగా రాలేదు. అబీటివొరెల్లా విషయంలో ఆ ముడి 2005లో విడింది. ఆ అసిటేట్‌తోపాటు 25 కర్బన పరమాణువుల పొడవైన హైడ్రోకార్బన్ ఒకటి ఉండాలి. రెండూ కలిస్తేనే పిలుపు పూర్తవుతుంది. ఇలాంటి పరిశోధన గురించి మీ అనుబంధంలో ఒక పేజీ రాయిస్తే పాఠకులకు ఎంత మేలు!

ఇక మీ వ్యాసంలో నన్ను ఎక్కువగా బాధించిన సంగతి. గింజలు తాలుగా ఉన్న కాయలన్నింటి పాపమూ ఈ పురుగు నెత్తినే వేశారు. తాలు గింజకు చాలా కారణాలు ఉంటాయి. పుప్పొడి చాలకపోతే గింజ లోపల ఖాళీగా ఉండిపోతుంది. దగ్గరి చుట్టాలైన చెట్ల పుప్పొడి పడితే పిండం మధ్యలోనే చచ్చిపోతుంది. అన్నింటికంటే ముఖ్యంగా రసం పీల్చే పురుగులు ఉన్నాయి. పశ్చిమ ఉత్తర అమెరికాకు చెందిన లెప్టోగ్లోసస్ ఆక్సిడెంటాలిస్ అనే పెద్ద నల్లి సూదిలాంటి నోటిని పొలుసులోంచి నేరుగా గింజలోకి దింపి లోపలి పప్పును కరిగించి పీల్చేస్తుంది. కాయ మీద గాటు ఉండదు, తుక్కు ఉండదు, బంక కారదు. 1999లో అది ఇటలీలో కనిపించింది. అక్కడినుంచి ఐరోపా అంతటా పాకింది. తినే పైన్ గింజల దిగుబడి మధ్యధరా తీరంలో పడిపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. ఇది కాయలను ఎలా కనిపెడుతుందనేది మరో విచిత్రం. ఎండలో కాయలు చుట్టూ ఉన్న ఆకుల కంటే వేడెక్కుతాయి, 15 డిగ్రీల దాకా తేడా ఉండవచ్చు. ఆ వేడి వెదజల్లే పరారుణ కిరణాలను గుర్తుపట్టి ఈ నల్లి కాయ దగ్గరికి వస్తుందని కెనడా పరిశోధకులు 2009లో ప్రకటించారు.

అంటే గుర్తు వదిలే పురుగుకు నింద, గుర్తు వదలని పురుగుకు విడుదల. ఇది అన్యాయమే కాదు, నష్టం కూడా. అసలు కారణం నల్లి అయినప్పుడు కాయతొలుచు పురుగుకు మందు కొడితే డబ్బు పోతుంది, గింజ దక్కదు. గింజలను ఎక్స్‌రే తీసి చూస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. గట్టి గింజలో పిండం, దాని చుట్టూ నిండుగా ఉన్న పప్పు తెల్లగా కనిపిస్తాయి. ఖాళీ గింజలో పెంకు గీత మాత్రమే ఉంటుంది. నల్లి పీల్చిన గింజలో పప్పు ముడుచుకుని అంచుకు అంటుకుని ఉంటుంది. పురుగు తిన్న గింజకు ఎక్స్‌రే కూడా అక్కర్లేదు, కన్నం కంటికే తెలుస్తుంది. మేము ఏ నివేదికలోనూ ఈ నాలుగింటినీ కలిపి రాసేవాళ్లం కాదు. పత్రికకు అంత వివరం అవసరం లేదని ఎవరైనా అనవచ్చు. మందు చల్లమని సలహా ఇచ్చే పత్రికకు ఆ వివరం అవసరమే.

ఉడతలూ క్రాస్‌బిల్ పక్షులూ చేసిన పనిని కూడా పురుగుకే అంటగట్టడం చూశాను. ఉడత పొలుసులన్నీ ఒలిచి పారేసి, ఎండిన కండెలాగా ఇరుసును వదిలేస్తుంది. అడ్డంగా దాటిన ముక్కుతో క్రాస్‌బిల్ పొలుసులను చీల్చి, కాయను చిందరవందరగా వదులుతుంది. పురుగు తొలిచిన కాయ వంకరపోతుంది. తిన్న వైపు ఎదుగుదల ఆగిపోయి, మంచి వైపు పెరుగుతూ ఉండటం వల్ల ఒక పక్కకు తిరుగుతుంది. ఎండాక కూడా ఆ వైపు పొలుసులు బంకకు అతుక్కుని విచ్చుకోవు. పొడి గాలికి విచ్చుకోవడం, తేమకు ముడుచుకోవడం పైన్ కాయ పొలుసుల నైజం. అతుక్కుపోయిన చోట పురుగు వదిలేసిన మంచి గింజలు కూడా బయటపడలేవు. కాబట్టి నష్టం లెక్కగట్టేటప్పుడు తిన్న గింజలతోపాటు ఇలా చిక్కుకుపోయినవాటినీ కలపాలి. పురుగు పక్షాన మాట్లాడుతున్నానని ఈ సంగతి దాచను.

నా అభ్యర్థన ఇది. వచ్చే సంచికలో మీరు దయచేసి రెండు సవరణలు వేయండి. ఫొటోలో ఉన్నది తెగులు కాదు, రెక్కల పురుగు లార్వా చేసిన పని అన్నది మొదటిది. అడవుల మీద మందు చల్లాలన్న సలహాను వెనక్కి తీసుకుంటున్నామన్నది రెండోది. విత్తన తోటల్లో నష్టం గురించి రాయదలిస్తే వేరుగా రాయండి. అక్కడ పనిచేసేవాళ్లను అడిగి, ఏ చెట్టు, ఏ రకం పురుగు, కాపు ఎంత అన్నది స్పష్టంగా ఇవ్వండి. అవసరమైతే ఆ పేజీ చదివి సరిచూసి పెట్టడానికి నేను సిద్ధం.

పైన్ చెట్లున్న చోటికి వెళ్లే మీ పాఠకులకు ఒక పని అప్పగించాలని ఉంది. ఎర్రని పొడి అంటిన పచ్చి కాయ రాలి కనిపిస్తే, దాన్ని వెడల్పు మూతి సీసాలో, అడుగున చెట్టు కింది ఆకుల పొర కొంచెం వేసి, మూతికి పల్చని గుడ్డ కట్టి ఉంచండి. ఎండలో పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు, ఆకులు పూర్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడు తడి చిలకరిస్తే చాలు. చలికాలం మొత్తం సీసాను బయటి చల్లదనంలోనే ఉంచండి. వెచ్చని గదిలో పెడితే లోపలి పురుగు అకాలంలో లేచి చచ్చిపోతుంది. సీసా మీద చెట్టు పేరు, తెచ్చిన నెల, ఆ చెట్టుకు కాయలు విరివిగా ఉన్నాయా తక్కువగా ఉన్నాయా అన్నది రాసి అంటించండి. వేసవిలో బూడిద రంగు రెక్కల పురుగు వచ్చిందో, కందిరీగ వచ్చిందో, రెండూ రాలేదో ఆ కాగితం మీదే తేదీ వేసి రాయండి. ఏదీ రాకపోయినా సీసా పారేయకండి, ఇంకో ఏడాది ఆగండి.

ఇట్లు,
విశ్రాంత అటవీ విత్తన పరీక్షకురాలు, మీ పాఠకురాలు